మక్తల్ ఏ జిల్లా కింద? డేటాబేస్ నుంచి వెబ్‌సైటు మెనూ కట్టే పద్ధతి

2016 అక్టోబరు 11, దసరా రోజు. ఆ ఒక్క రోజుతో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 59 మండలాలున్న నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. 64 మండలాల మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పుట్టాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. అంతటితో ఆగలేదు. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న మక్తల్ ఆ రోజు నుంచి నారాయణపేట జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మారింది.

ఈ రెండు ఉమ్మడి జిల్లాల ఊళ్లు, గుళ్లు, ప్రాజెక్టులు, చేనేత గురించి చెప్పే వెబ్‌సైటు ఒకటి 2016 నాటికే నడుస్తోందని అనుకుందాం. దాని మెనూను ప్రతి పేజీలోనూ హెచ్‌టీఎంఎల్‌గా చేత్తో రాసి ఉంటే, జిల్లాలు మారిన మర్నాడే అన్ని పేజీలూ తెరిచి దిద్దాలి. ఎక్కడో నాలుగు పేజీలు మిగిలిపోతాయి. వాటిలో ఆలంపూర్ ఇంకా మహబూబ్‌నగర్ కిందే కనిపిస్తుంది. మెనూను విడి ఫైలుగా పెట్టి అన్ని పేజీల్లోకి ఇన్‌క్లూడ్ చేస్తే ఈ తిప్పలు కొంత తగ్గుతాయి. అయినా దాన్ని మార్చాలంటే కోడ్ తెలిసిన మనిషే రావాలి. సమాచారం తెలిసిన మనిషి ఒకరు, మార్చగలిగే మనిషి ఇంకొకరు అయినప్పుడు మార్పు ఆలస్యమవుతూనే ఉంటుంది. మెనూను డేటాబేసులోకి తేవాలనడానికి అసలు కారణం ఇదే. వేగం కోసమో ఫ్యాషన్ కోసమో కాదు.

డేటాబేసులో మెనూ అంటే పెద్ద వ్యవహారమేమీ లేదు, ఒక టేబుల్. ప్రతి వరుసకు ఒక ఐడీ, తెరమీద కనిపించే పేరు, పేజీ చిరునామా, పేరెంట్ ఐడీ, వరుస సంఖ్య, కనిపించాలా వద్దా అని చెప్పే 0 లేదా 1. ఇంతే. నడిపేది పేరెంట్ ఐడీ. నారాయణపేట జిల్లా వరుస ఐడీ 8 అయితే, మక్తల్ వరుసలో పేరెంట్ ఐడీ దగ్గర 8 ఉంటుంది. అన్నింటికంటే పైనున్న వాటికి ఆ గడి ఖాళీ. ప్రతి వరుసకూ తన పైన ఎవరున్నారో తెలుసు, కింద ఎవరున్నారో తెలియదు. ఇంటిపేరు చెబితే ఎవరింటి పిల్లాడో తెలిసినట్టు, ఆ ఒక్క సంఖ్యతో చెట్టంతా కట్టుకోవచ్చు.

2019 నాటి మార్పు ఈ టేబుల్లో ఎలా ఉంటుందో చూస్తే దీని విలువ తెలుస్తుంది. నారాయణపేట జిల్లా పేరుతో ఒక కొత్త వరుస చేర్చాలి. మక్తల్, ఊట్కూర్, ధన్వాడ వంటి మండలాల పేరెంట్ ఐడీని కొత్త సంఖ్యకు మార్చాలి. ఆ మండలాల కింద ఉన్న ఊళ్లను, గుళ్లను ముట్టుకోనక్కర్లేదు. వాటి పేరెంట్ మండలమే కాబట్టి అవి మండలంతో పాటే కదిలిపోతాయి. ఒక ఇన్సర్ట్, ఒక అప్‌డేట్, పని అయిపోయింది.

చెట్టును దాచడానికి వేరే పద్ధతులూ ఉన్నాయి. ప్రతి వరుసకు ఎడమ సంఖ్య, కుడి సంఖ్య ఇచ్చే నెస్టెడ్ సెట్ పద్ధతిలో ఒక కొమ్మ కింద ఉన్నదంతా ఒకే ప్రశ్నతో (డేటాబేసును అడిగే క్వెరీతో) దొరుకుతుంది. కానీ ఒక మండలాన్ని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు జరిపితే సగం టేబుల్‌కు కొత్త నంబర్లు వేయాలి. '1/4/27' అంటూ పూర్తి దారిని ఒక గడిలో రాసే పద్ధతిలో పిల్ల వరుసలన్నింటి దారీ తిరగరాయాలి. చదవడమే ఎక్కువ, మార్చడం అసలు ఉండదు అనుకునే చోట అవి బాగుంటాయి. మూడేళ్లు తిరక్కుండా జిల్లాల గీతలు రెండుసార్లు మారిన చోట పేరెంట్ ఐడీ పద్ధతికే ఓటు వేయాలి.

టేబుల్ నుంచి మెనూ గీసేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఒకటే. ముందు పై వరుసలను అడుగుతారు. వచ్చిన ఒక్కోదానికి పిల్లలెవరని మళ్లీ అడుగుతారు. ఆ పిల్లల్లో ఒక్కోదానికి మళ్లీ అడుగుతారు. పాత లెక్కే తీసుకుందాం. పైనున్న రెండు ఉమ్మడి జిల్లాల కోసం 1 ప్రశ్న, వాటి మండలాల కోసం 2, ఆ 123 మండలాల కింద ఏముందో తెలియడానికి 123. మొత్తం 126 ప్రశ్నలు, అదీ ఎవరు ఏ పేజీ తెరిచినా. చేసేవాళ్ల కంప్యూటర్లో ఇది కళ్లకు ఆనదు. సర్వరు మీదికి ఎక్కించాక, నలుగురు ఒకేసారి తెరిస్తే, సైటు నీరసించిపోతుంది.

ఇలాంటి మెనూకు ఒకే ప్రశ్న చాలు: కనిపించాల్సిన వరుసలన్నీ, పేరెంట్ ఐడీ, వరుస సంఖ్య క్రమంలో ఇవ్వమని అడగాలి. వచ్చినవాటిని పీహెచ్‌పీలోనో పైథాన్‌లోనో పేరెంట్ ఐడీ వారీగా గుంపులు కట్టాలి. తరువాత ఒక చిన్న ఫంక్షన్ ఖాళీ పేరెంట్ ఉన్న గుంపుతో మొదలుపెట్టి, ఒక్కో అంశాన్ని లిస్టులో రాస్తూ, దానికి గుంపు ఉంటే తనను తానే మళ్లీ పిలుచుకుంటుంది. కొన్ని వందల వరుసలకు ఇదే హాయి. ఒక్క కొమ్మ మాత్రమే కావాలంటే డేటాబేసు చేతే చెట్టు ఎక్కించే రికర్సివ్ ప్రశ్న ఉంది. డేటాబేసు సాఫ్ట్‌వేర్లలో చూస్తే, పోస్ట్‌గ్రెస్‌లో 2009 నాటి 8.4 వెర్షన్ నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 2018లో వచ్చిన 8.0 నుంచి అది పనిచేస్తుంది. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఇదంతా తెరవెనుక జరిగిపోతుంది. 2010లో వచ్చిన 3.0 నుంచి అందులో మెనూలోని ప్రతి అంశమూ పోస్టుల టేబుల్లోనే ఒక వరుస, దాని పేరెంట్ ఎవరన్నది మెటా టేబుల్లో ఇంకో వరుస. ఈ సంగతి తెలిసి ఉంటే, మెనూ చెడినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వరుస సంఖ్యలను 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని వేయడం మేలు. మధ్యలో ఇంకొకటి దూర్చాల్సి వస్తే 15 ఉంటుంది.

చెట్టు తనలో తానే చుట్టుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఎవరో పొరపాటున నారాయణపేట జిల్లా పేరెంట్‌గా మక్తల్‌ను ఎంచుకున్నారనుకోండి. మక్తల్ నారాయణపేట కింద, నారాయణపేట మక్తల్ కింద. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని చెట్టు నుంచి తెగిపోతాయి. పైనుంచి గీసే ఫంక్షన్‌కు అవి కనిపించనే కనిపించవు, మెనూలోంచి ఒక జిల్లా మొత్తం మాయం. మక్తల్ నుంచి పైకి ఎక్కే ఫంక్షన్ అయితే ఎప్పటికీ ఆగదు. అందుకే మార్చే ఫారంలో పేరెంట్‌ను ఎంచుకునే చోట ఆ అంశమూ, దాని కిందివీ కనిపించకుండా చేయాలి. పైకి ఎక్కే ఫంక్షన్‌కు ఐదారు మెట్లు దాటితే ఆగిపొమ్మని ఒక హద్దు కూడా పెట్టాలి. తొలగించడంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పేరెంట్‌ను తీసేస్తే పిల్లలనూ తుడిచిపెట్టే క్యాస్కేడ్ చూడ్డానికి సౌకర్యంగా ఉంటుంది కానీ, ఒక్క తప్పు క్లిక్కుతో జిల్లా పోతే దాని మండలాలన్నీ పోతాయి. పిల్లలు ఉన్నంతకాలం తొలగించనివ్వని కట్టడి పెట్టి, దాచాలనుకుంటే కనిపించే గడిలో 0 వేయడం సురక్షితం.

చిరునామా దగ్గర ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. మెనూలో మక్తల్ మహబూబ్‌నగర్ కింద ఉంది కదా అని పేజీ చిరునామాను కూడా 'మహబూబ్‌నగర్/మక్తల్' అని కట్టేస్తే, 2019లో ఆ చిరునామా తప్పయిపోతుంది. జనం వాట్సాప్‌లో పంపుకున్న లింకులు, గూగుల్లో ఎక్కిన లింకులు అన్నీ పేజీ లేదనే చోటుకే వెళ్తాయి. చిరునామా 'మక్తల్' అని మాత్రమే ఉండి, ఎవరి కింద అన్న సంగతి టేబుల్లో మాత్రమే ఉంటే ఏ గొడవా లేదు. పేరు విషయంలోనూ అంతే. యాదగిరిగుట్టను కొన్నేళ్లు అధికారికంగా యాదాద్రి అన్నారు. 2024లో మళ్లీ యాదగిరిగుట్ట పేరునే వాడుకలోకి తేవాలని ప్రభుత్వం నిర్ణయించింది. జిల్లా పేరులో మాత్రం యాదాద్రి ఉంది. తెరమీద కనిపించే పేరు ఒక గడి, చిరునామా ఇంకో గడి అయినప్పుడు ఇది ఒక్క అప్‌డేట్. ఏది మారుతుంది, ఏది మారకూడదు అన్నది విడదీసి రెండు గడుల్లో పెట్టడంలోనే ఈ టేబుల్ పనితనమంతా ఉంది.

అయితే ఊరు ఒక్క చెట్టులోనే ఉండదు. పాలనాపరంగా కొడంగల్ వికారాబాద్ జిల్లా, షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లా. ఈ రెండూ మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. జనం మాటల్లో ఇప్పటికీ ఉమ్మడి పాలమూరే. గద్వాల చీర కోసం వచ్చిన మనిషి 'చేనేత' కింద వెతుకుతారు, గద్వాలకు ప్రయాణం కట్టిన మనిషి జిల్లా పేరు కింద వెతుకుతారు. పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట విషయమూ ఇంతే. ఒక పేజీకి ఇద్దరు పేరెంట్లు కావాలి. అలాంటప్పుడు పేజీల టేబుల్ వేరు, మెనూ టేబుల్ వేరు చేయాలి. మెనూ వరుసలో చిరునామాకు బదులు పేజీ ఐడీ ఉంటుంది. ఒకే పేజీ ఐడీ మెనూలో రెండు చోట్ల రావచ్చు, వేర్వేరు వరుస సంఖ్యలతో. పేజీ కాపీ మాత్రం ఒకటే. ఇదేదీ చేయకుండా గద్వాల పేజీని రెండుసార్లు రాసిపెట్టే సైట్లు ఉన్నాయి. ఆరు నెలలకు ఒకదానిలో ఒక సంగతి, రెండోదానిలో ఇంకో సంగతి ఉంటుంది.

డేటాబేసు వచ్చాక పుట్టే కొత్త జబ్బు, ఉన్నదంతా మెనూలో పోయడం. టేబుల్లో ఉంది కదా అని 123 మండలాల పేర్లనూ కిందికి వేలాడదీస్తే దాన్ని మెనూ అనలేం, అది ఓటర్ల జాబితా. మెనూలో జిల్లా వరకు చాలు. మండలాలు జిల్లా పేజీలో ఉండాలి. రెండు మెట్లు సుఖం, మూడు మెట్లు హద్దు. టేబుల్లో ఎంత లోతైనా ఉండనివ్వండి, గీసే ఫంక్షన్‌కు రెండో మెట్టు దగ్గర ఆగమని చెప్పండి.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ఇంగ్లిష్ పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఇక్కడే అనుకోని టెన్షన్ ఎదురవుతుంది. 'మహబూబ్‌నగర్' అన్న పేరునే దగ్గరగా చూద్దాం. కంటికి కనిపించేవి ఏడు అక్షరాలు: మ, హ, బూ, బ్, న, గ, ర్. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే పద్ధతిలో) దీర్ఘం, పొల్లు విడివిడి గుర్తులు కాబట్టి ఆ ఏడూ పది అవుతాయి. పదకొండోది కంటికి కనిపించదు. 'బ్'కు, 'న'కు మధ్య కూర్చుని, రెండూ కలిసిపోకుండా ఆపే గుర్తు అది. అది లేకపోతే పేరు 'మహబూబ్నగర్' అయి, న వత్తుగా మారి కిందికి జారిపోతుంది. గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇవి ఒక్కోటీ 3 బైట్లు, మొత్తం 33. పేరు 30 దాటకూడదని ఫారంలో హద్దు పెట్టి, దాన్ని బైట్లలో లెక్కపెట్టే ఫంక్షన్‌తో చూస్తే మహబూబ్‌నగర్ పేరే ఎక్కదు. పదకొండు గుర్తులే ఉన్నా పొడవైపోయిందని ఫారం ఒప్పుకోదు. గుర్తులను లెక్కపెట్టే ఫంక్షనే వాడాలి. కనిపించని గుర్తులను చెత్తగా భావించి ఏరేసే శుభ్రం చేసే కోడ్ కూడా ఈ పేరును పాడుచేస్తుంది. నాగర్‌కర్నూల్, షాద్‌నగర్ పేర్లకూ అదే గతి. వెతికేటప్పుడు మాత్రం ఆ గుర్తు ఉన్నా లేకపోయినా పేజీ దొరకాలి. ఫోన్లో టైపు చేసేవాళ్లలో ఎక్కువమంది అది వేయరు. కాబట్టి వెతకడానికి ఆ గుర్తు తీసేసిన పేరును ఇంకో గడిలో దాచుకోవడం మంచిది. పాలమూరు, నీలగిరి లాంటి పాత పేర్లకూ ఆ గడే చోటు.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 కావాలి. పాత లాటిన్ సెట్‌లో ఉంటే తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి, అలా ఒకసారి దాచినవి తిరిగి తెలుగు కావు. పేర్లను అకారాది క్రమంలో పెట్టేటప్పుడు యూనికోడ్ సంఖ్యల క్రమాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అందులో 'ళ' అనే అక్షరం 'వ' కంటే ముందుంటుంది, మన వర్ణమాలలో చివరన వస్తుంది. మెనూకు ఈ తలనొప్పి ఉండదు, అక్కడ వరుస సంఖ్య చెప్పినట్టే. మండలాల పొడవాటి జాబితాకు మాత్రం ఇది పట్టించుకోవాల్సిన విషయం. డేటాబేసులోంచి వచ్చిన పేరును తెరమీద రాసే ముందు ఎస్కేప్ చేయడం (అందులోని గుర్తులను బ్రౌజరు కోడ్‌గా చదవకుండా మార్చడం), ఫారం నుంచి వచ్చినదాన్ని, విలువను ఆదేశం నుంచి విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే లోపలికి పంపడం ఏ భాషకైనా తప్పదు.

ముస్తాబు విషయానికొస్తే, ఈ ప్రాంతపు పేర్లు ఒక వరుసలో రాసి చూడండి: నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల, అచ్చంపేట, మక్తల్, యాదగిరిగుట్ట. వత్తు లేని పేరు ఒక్కటీ లేదు. జడ్చర్లలో రెండున్నాయి. ఇంగ్లిష్ మెనూల కోసం రాసిన సీఎస్‌ఎస్‌లో (పేజీ ముస్తాబు చెప్పే కోడ్‌లో) లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉండి, బారుకు ఒక ఎత్తు బిగించి, దాటినదాన్ని దాచెయ్యమని ఉంటే ఈ వత్తులన్నీ కింద తెగిపోతాయి. నల్లగొండ 'నలగొండ' అవుతుంది. ఎత్తు బిగించకూడదు. లైన్ హైట్ 1.6 నుంచి 1.8 దాకా ఇచ్చి, మిగతా చోటును ప్యాడింగ్‌తో (పెట్టె లోపలి ఖాళీతో) తేవాలి. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్‌ను తెలుగుకు వాడకపోవడమే మంచిది, కలిసి ఉండాల్సినవి చెల్లాచెదురవుతాయి. బోల్డ్ విషయంలో ఫాంటు చూసుకోవాలి. మండలి ఫాంటుకు ఒకే బరువు ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరే దాన్ని లావుగా చేస్తుంది, చిన్న సైజులో 'ణ', 'ఘ' లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగులో అన్ని బరువులూ ఉన్నాయి.

రంగులను, సైజులను డేటాబేసులో దాచే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు. ఏది ఎవరి కింద అన్నది టేబుల్ చెప్పాలి, ఎలా కనిపించాలన్నది సీఎస్‌ఎస్ చెప్పాలి. గీసే ఫంక్షన్ ఒక్కో అంశానికి అది ఎన్నో మెట్టు, పిల్లలున్నారా, ఇప్పుడున్న పేజీయా అనే మూడు సంగతులను క్లాసులుగా (సీఎస్‌ఎస్ గుర్తుపట్టే పేర్లుగా) ఇస్తే చాలు. వేలాడే ఉపమెనూకు, దాని పైనున్న పేరుకు మధ్య మార్జిన్‌తో ఖాళీ వదలకూడదు. మౌస్ ఆ ఖాళీ దాటేలోపు మెనూ మూసుకుపోతుంది. ఆ దూరాన్ని ఉపమెనూ లోపలి ప్యాడింగ్‌గా ఇవ్వాలి.

ఫోన్లో మౌసే లేదు కాబట్టి హోవర్ (మౌస్ పైకి తేగానే తెరుచుకోవడం) మీద ఆధారపడ్డ మెనూ అక్కడ చచ్చుబడిపోతుంది. నల్లగొండ అన్న పేరు నొక్కితే మెనూ తెరుచుకోవాలా, నల్లగొండ పేజీకి వెళ్లాలా? రెండు పనులకు రెండు చోట్లు ఇవ్వడమే దీనికి సరైన జవాబు. పేరు లింకు, పక్కనున్న బాణం బటన్. బటన్ కనీసం 44 పిక్సెళ్ల చదరం ఉంటే బొటనవేలికి అందుతుంది. తెరుచుకుందో మూసుకుందో aria-expanded అనే హెచ్‌టీఎంఎల్ గుర్తు ద్వారా చెబితే చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కు కూడా తెలుస్తుంది. 360 పిక్సెళ్ల వెడల్పులో 'యాదాద్రి భువనగిరి', 'జోగులాంబ గద్వాల' పక్కపక్కన పట్టవు. ఫోనుకు నిలువు జాబితానే పెట్టాలి. మే నెల ఎండలో నల్లగొండ బస్టాండులో నిలబడి చూసే మనిషికి లేత బూడిద రంగు మీద తెల్లక్షరాలు కనబడవు. అక్షరానికి, వెనుక రంగుకు మధ్య కాంట్రాస్టు 4.5:1 కంటే తగ్గకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇక్కడి ఎండకు ఇంకా ఎక్కువే పెట్టుకోవాలి.

మెనూ ఎప్పుడో గానీ మారదు కాబట్టి ప్రతిసారీ డేటాబేసును అడగకుండా, ఒకసారి గీసిన హెచ్‌టీఎంఎల్‌ను ఫైలులో దాచి, ఎవరైనా మెనూ మార్చి సేవ్ చేసినప్పుడే ఆ ఫైలు చెరిపేయవచ్చు. అందులో ఒక మెలిక ఉంది. దాచిన మెనూ అన్ని పేజీలకూ ఒకటే, 'ఇప్పుడున్న పేజీ' అన్న గుర్తు మాత్రం పేజీ పేజీకీ వేరు. ఆ గుర్తును దాచిన తరువాత, పేజీ పంపేటప్పుడు వేయాలి. మక్తల్ పేజీలో ఉన్నప్పుడు పేరెంట్ ఐడీ పట్టుకుని ఒక్కో మెట్టూ పైకెక్కి, నారాయణపేట పేరుకూ గుర్తు పెట్టాలి. ఇద్దరు పేరెంట్లున్న పేజీకి ఆ దారి ఏదని తేల్చడానికి మెనూ టేబుల్లో 'ముఖ్యమైనది' అని ఇంకో గడి కావాలి. కొడంగల్ పేజీకి ఉమ్మడి పాలమూరు గుంపులోంచి వచ్చినా, పేజీ పైన చూపే దారి మాత్రం వికారాబాద్, దాని తరువాత కొడంగల్ అనే చూపించాలి. సర్టిఫికెట్ కోసం ఏ కలెక్టరేటుకు వెళ్లాలో తెలియక సైటు తెరిచిన మనిషి చూసేది ఆ ఒక్క వరుసనే.